కారం తీపైన ఈగ: రుచి నాడుల పటం పుట్టుపూర్వోత్తరాలు

మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ అనే రసాయనాన్ని చక్కెరను కోరినట్లు కోరుకునే ఈగలు 2006లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో, క్రిస్టిన్ స్కాట్ ప్రయోగశాలలో తయారయ్యాయి. మామూలు పండు ఈగకు, అంటే మగ్గిన అరటిపండు మీదా కల్లు కుండ చుట్టూ ముసిరే ఎర్రకళ్ళ చిట్టి ఈగకు, కారం అంటే ఏమిటో తెలియదు. క్యాప్సైసిన్‌ను పట్టుకోగల గ్రాహకం, అంటే నిర్దిష్టమైన రసాయనం తగిలినప్పుడే స్పందించే కణపొర మీది ప్రొటీను, దాని ఒంట్లో లేదు. అటువంటి గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఎలుక నాడీకణాలలో గుర్తించింది, ఆ పని 2021 నోబెల్ బహుమతికి ఒక కారణమైంది. స్కాట్ బృందం ఆ ఎలుక గ్రాహకపు జన్యువును తెచ్చి, ఈగలో తీపిని పసిగట్టే నాడీకణాలలో మాత్రమే పలికేటట్లు అమర్చినప్పుడు ఈగలు కారం వైపు ఆశగా నడిచాయి. అదే జన్యువును చేదును పసిగట్టే కణాలలో అమర్చినప్పుడు ఈగలు కారం నుంచి దూరంగా తొలగిపోయాయి. పదార్థం మారలేదు, గ్రాహకం మారలేదు, మారింది ఆ గ్రాహకం కాపురమున్న కణం ఒక్కటే. తీపి అనేది బెల్లంలోనూ చేదు అనేది కాకరకాయలోనూ ఉంటాయన్న లోకజ్ఞానాన్ని తలకిందులు చేసి, ఏ నాడి మోగితే ఆ రుచే పలుకుతుందని ఇంత సూటిగా చూపిన ప్రయోగాలు తక్కువ.

ఈ వింతకు బంధువులు లేకపోలేదు. 1997లోనే కార్నీలియా బార్గ్‌మన్ బృందం, వెన్న వాసననిచ్చే డైఎసిటైల్ అనే రసాయనాన్ని ఇష్టపడే సూక్ష్మమైన నులిపురుగులో, ఆ వాసనను పట్టే గ్రాహకాన్ని వికర్షణకు సంబంధించిన నాడీకణంలోకి మార్చి, వెన్న వాసన తగలగానే వెనుదిరిగి పారిపోయే పురుగును సృష్టించింది. కొన్నేళ్ళకు చార్లెస్ జూకర్ బృందం ఎలుక నాలుకలోని తీపి కణాలలో వాటికి సంబంధం లేని మరో గ్రాహకాన్ని అమర్చి, రుచీపచీ లేని ఒక మందును ఎలుకలు మక్కువతో తాగేటట్లు చేసింది. అయినా తెలుగు పాఠకుడికి ఈగ కథే ఎక్కువ దగ్గరగా తోచడం సహజం, ఎందుకంటే గుంటూరు మిరప మనకు పుట్టుకతో వచ్చినదన్నంత ధీమాగా తినే ఈ జాతి కూడా, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు గోవా రేవుకు చేర్చేదాకా, కారానికి మిరియాల మీదనే ఆధారపడింది. నొప్పి నాడిని రేపే రసాయనాన్ని రుచిగా మలచుకోవడం మనిషికి అలవాటు వల్ల సాధ్యమైతే, ఈగకు జన్యువుల అమరిక వల్ల సాధ్యమైంది.

ఈ ప్రయోగం జరగాలంటే రెండు సంగతులు ముందుగా సిద్ధించి ఉండాలి. ఎంచుకున్న కొద్దిపాటి కణాలలో మాత్రమే కోరిన జన్యువును పలికించే సాధనం ఒకటి కావాలి. అంతకంటే ముందు, తీపికి ఒక కణం, చేదుకు ఇంకొక కణం వేరువేరుగా ఉన్నాయనీ, వాటి పనిని జన్యువుల వైపు నుంచి విడదీసి చూడవచ్చుననీ తెలిసి ఉండాలి. మొదటిదాని కథ యూరప్, అమెరికాలలో నడిచింది. రెండోదానిలో ఒక ప్రధానమైన అధ్యాయం బొంబాయి దీవి దక్షిణపు కొసన, కొలాబాలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో నడిచింది. నిజాం రాజ్యపు తెలుగు పల్లెల నుంచి వచ్చి ఆ నగరపు కట్టడాలకు రాళ్ళూ మట్టీ మోసిన కామాఠీల పేరు మీద ఏర్పడిన కామాఠిపురాకు అది కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్నా, ఈగ రుచుల మీద అక్కడ జరిగిన పని తెలుగు పత్రికలలో చర్చకు వచ్చిన సందర్భాలు అరుదు.

ఈగ పాదాలతో రుచి చూస్తుందన్న సంగతి ఈ కథకు తొలిమెట్టు. 1921లో డ్వైట్ మినిచ్ సీతాకోకచిలుకల పాదాలకు చక్కెర నీరు తాకించి, అవి చుట్టచుట్టుకొని ఉన్న తొండాన్ని విప్పడం గమనించాడు. ఆ తరువాత విన్సెంట్ డెథియర్ మాంసపు ఈగను తన జీవితకాలపు నేస్తంగా చేసుకొని, ఈగకు ఎప్పుడు ఆకలి వేస్తుంది, ఎప్పుడు తృప్తి కలుగుతుంది అనే ప్రశ్నల మీద ఏకంగా గ్రంథాలే రాశాడు. కీటకాల గురించి రాసినవారిలో అంతటి హాస్యప్రియుడు అరుదు. 1955లో హాడ్జ్‌సన్, లెట్విన్, రోడర్ అనే ముగ్గురు, సన్నని గాజుగొట్టంలో చక్కెర ద్రావణాన్నో ఉప్పు ద్రావణాన్నో నింపి, దానిని ఈగ మూతి మీది ఒక్క రోమపు కొసకు తొడిగి, ఆ ద్రావణమే రుచిగానూ విద్యుత్ తీగగానూ పనిచేసేటట్లు చేసి, నాడీకణం పలికే చిటపటలను నమోదు చేశారు. రోమపు కొసన రంధ్రం ఉండడం, నాడీకణపు పోగు ఆ రంధ్రం దాకా సాగి ఉండడం వల్లనే ఈ ఉపాయం పారింది. పండు ఈగ మూతి కొసన రెండు దళాలుంటాయి, ఒక్కో దళం మీద సుమారు 31 రుచి రోమాలు ఉంటాయి, ఒక్కో రోమంలో రెండు లేదా నాలుగు రుచి నాడీకణాలు ఒదిగి ఉంటాయి. నాలుగు కణాలున్న రోమంలో ఒకటి చక్కెరకు, ఒకటి నీటికి, ఒకటి కొద్దిపాటి ఉప్పుకు, ఒకటి అధికమైన ఉప్పుకు స్పందిస్తుందని శాస్త్రజ్ఞులు విభజించుకున్నారు. ఉప్పు చాలీచాలనప్పుడు ఒక నాడి పిలవడం, మితిమీరినప్పుడు ఇంకొక నాడి తరమడం అనే ఈ ఏర్పాటును పప్పుచారు కాచే ఏ తెలుగు వంటమనిషీ కాదనలేడు.

కొలాబా అధ్యాయానికి మూలపురుషుడు ఒబైద్ సిద్దిఖీ. 1932లో ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో పుట్టి, అలీగఢ్‌లో చదివి, గ్లాస్గోలో గిడో పాంటెకోర్వో దగ్గర ఆస్పర్జిల్లస్ అనే బూజు జన్యుశాస్త్రంలో డాక్టరేటు చేసి, తరువాత అమెరికాలో ఆలన్ గారెన్‌తో కలిసి బ్యాక్టీరియా మీద చేసిన పని ద్వారా, ప్రొటీను తయారీని అర్ధంతరంగా ఆపివేసే జన్యుసంకేతాలను అర్థం చేసుకొనడానికి దారి చూపిన ఆయన, ఆ సంస్థ వ్యవస్థాపకుడు హోమీ భాభా ఆహ్వానం మీద 1962లో బొంబాయికి వచ్చి అణుజీవశాస్త్ర విభాగాన్ని నెలకొల్పాడు. సముద్రపు ఒడ్డున ఆ సంస్థ కొత్త భవనాన్ని నెహ్రూ ప్రారంభించినది ఆ సంవత్సరం జనవరిలోనే. అణుభౌతికానికీ గణితానికీ పేరుపడిన భవనంలో బ్యాక్టీరియాకూ, పిదప ఈగలకూ చోటివ్వడంలో భాభా చూపిన ఔదార్యం ఈనాటి నిధుల కమిటీలకు అందని ఊహ అనడం అతిశయోక్తి కాదు. అణుజీవశాస్త్రం వల్ల ఏమి ఒరుగుతుందో ఆ రోజుల్లో ఈ దేశంలో చెప్పగలవారే కొద్దిమంది.

సిద్దిఖీ బ్యాక్టీరియాను వదిలి ఈగ వైపు మళ్ళడానికి సీమూర్ బెంజర్ సాంగత్యం కారణం. ఒక్కో జన్యువును చెడగొట్టి, చెడినప్పుడు ప్రవర్తనలో ఏ ఒక్క అంశం తప్పిపోతుందో గమనించి, ఆ దారిలో మెదడు నిర్మాణంలోకి వెళ్ళవచ్చునన్నది బెంజర్ పంథా. వేడి తగిలితే పక్షవాతం వచ్చినట్లు కూలబడి, చల్లబడగానే లేచి తిరిగే ఉత్పరివర్తిత ఈగలలో, అంటే జన్యువులో శాశ్వతమైన మార్పు వచ్చిన ఈగలలో, నాడుల పని ఎక్కడ ఆగిపోతున్నదో సిద్దిఖీ, బెంజర్ ఇద్దరూ కలిసి 1976లో వెల్లడించారు. ఆ కూలబడే ఈగల కుటుంబానికే చెందినదీ, జపాను భాషలో తిమ్మిరి అనే అర్థమిచ్చే పేరు గలదీ అయిన షిబిరె జన్యువు, పాతికేళ్ళ తరువాత కోరిన నాడిని వేడితో తాత్కాలికంగా నోరు మూయించే సాధనమై, రుచి నాడుల పరిశోధనకే తిరిగి పనికి వచ్చింది.

1970లలో కొలాబాకు వచ్చిన వెరోనికా రోడ్రిగ్స్ ఈ కథకు నాయిక. గోవా మూలాలున్న కుటుంబంలో 1953లో కెన్యాలో పుట్టి, ఉగాండాలోని మకెరెరె విశ్వవిద్యాలయంలోనూ డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలోనూ చదివిన ఆమె, సిద్దిఖీకి ఉత్తరం రాసి, అదివరకు ఎరుగని దేశంలో పరిశోధక విద్యార్థినిగా చేరింది. మిరపను ఈ దేశానికి చేర్చిన రేవు ఏ ప్రాంతానిదో, రుచి నాడుల జన్యుశాస్త్రానికి శ్రీకారం చుట్టిన పరిశోధకురాలి వంశం కూడా ఆ ప్రాంతానిదే కావడం యాదృచ్ఛికమే అయినా గుర్తుంచుకోదగిన యాదృచ్ఛికం. ఆమె, సిద్దిఖీ కలిసి 1978లో భారతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ పత్రికలో, అంటే బెంగళూరు నుంచి వెలువడే స్వదేశీ పత్రికలో, రుచినీ వాసననూ పసిగట్టే మార్గాల జన్యు విశ్లేషణను ప్రకటించారు.

వారి పద్ధతి వినడానికి సులువు, చేయడానికి గొడ్డుచాకిరీ. జన్యువులను చెడగొట్టే రసాయనాన్ని మగ ఈగలకు తినిపించి, రెండు ఎక్స్ క్రోమోసోములు ఒకదానికొకటి అతుక్కొని ఉన్న ప్రత్యేకమైన ఆడ ఈగలతో వాటిని జతకట్టిస్తారు. ఆ సంకరంలో తండ్రి ఎక్స్ క్రోమోసోము నేరుగా కొడుకులకు సంక్రమిస్తుంది కాబట్టి, అందులో ఏ జన్యువు చెడినా ఒక్క తరంలోనే మగ సంతానంలో బయటపడుతుంది. ఆ సంతానానికి చక్కెరా, క్వినైనూ రుచి చూపించి, చక్కెరను లక్ష్యపెట్టని ఈగలనూ, క్వినైన్ చేదును సహించే ఈగలనూ ఏరి, వాటి వంశాలను సీసాలలో నిలబెట్టి, ఏ లోపం ఏ జన్యువుదో సంకరాల ద్వారా తేల్చుతారు. రుచికి సంబంధించిన ఆంగ్ల పదంలోని తొలి అక్షరాలతో వాటికి గస్ట్-ఏ, గస్ట్-బీ వంటి పేర్లు పెట్టారు, వాసన తెలియని ఈగలకు ఓల్ఫ్ అనే పేరు దక్కింది. వేలకొద్దీ ఈగలను పట్టి చూస్తే గాని పనికి వచ్చే ఒక్క వంశం చిక్కదు, చిక్కిన వంశం కూడా కొన్ని తరాలకు మళ్ళీ మామూలు ఈగలాగా మారిపోయి పరిశోధకుల ఉసురు తీయవచ్చు.

క్వినైన్ ప్రస్తావన వచ్చిన చోట ఒక్క మాట చెప్పక తప్పదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న నాటికి ఆ జ్వరానికి ప్రధానమైన మందు క్వినైనే. తెలుగు ఇళ్ళలో మూడు నాలుగు తరాల పిల్లల చేత బలవంతాన మింగించిన ఆ చేదే, ప్రపంచమంతటా ఈగలకు చేదు పరీక్షగా నిలిచింది. చేదు మంచిదని పెద్దలు చెబితే మనిషి పిల్లవాడు ఏడుస్తూనైనా మింగుతాడు, ఈగకు అటువంటి పెద్దలు లేరు కాబట్టి దాని నాడి చెప్పినదే దానికి వేదం.

ఈగలను పెంచడానికి కావలసిన ఆహారం కూడా ఈ దేశంలో వంటింటి సరుకే. ఈగల పరిశోధనకు చిరకాలంగా నెలవైన మైసూరు విశ్వవిద్యాలయంలో గోధుమ రవ్వ, బెల్లం, అగర్ కలిపి ఉడికించి, బూజు పట్టకుండా కాస్త ప్రొపియోనిక్ ఆమ్లం చేర్చి సీసాలలో పోస్తారు. ఆ రవ్వను తెలుగువారు బొంబాయి రవ్వ అంటారు కాబట్టి, ఏలకుల పొడి, నేతిచుక్క మినహాయిస్తే అది సత్యనారాయణ వ్రతపు ప్రసాదానికి దగ్గరి చుట్టమే.

1981లో రోడ్రిగ్స్, సిద్దిఖీ ప్రకటించిన మరో చిన్న పత్రం ఈ యుగపు మణిపూస అనదగినది. చక్కెర అణువులలో కొన్ని ఆరు పరమాణువుల వలయంగా ఉంటాయి, వాటిని పైరనోజులంటారు, గ్లూకోజు అటువంటిది. మరికొన్ని అయిదు పరమాణువుల వలయంగా ఉంటాయి, వాటిని ఫ్యూరనోజులంటారు. వారు పట్టుకున్న ఒక ఉత్పరివర్తిత ఈగలో పైరనోజు గ్రాహకం మాత్రమే లోపించింది. తీపి అని మనం ఒక్క మాటలో తేల్చివేసే అనుభవం వెనుక, ఒకే నాడీకణం మీద, కనీసం రెండు వేర్వేరు తాళాలున్నాయని, తాళపుచెవుల ఆకారాలను బట్టి వాటిని విడదీయవచ్చునని దీనివల్ల జన్యుశాస్త్రపు సాక్ష్యం దొరికింది. గ్రాహకాల జన్యువుల జాడ తెలియడానికి దాదాపు ఇరవయ్యేళ్ళ ముందు, ఒక్క జన్యువును కూడా అణుస్థాయిలో చదవకుండా, కేవలం ఈగల ఇష్టాయిష్టాలనూ నాడుల చిటపటలనూ ఆధారం చేసుకొని ఇంతదూరం రావడం సామాన్యమైన సంగతి కాదు.

1987లో కవితా అరోరా, రోడ్రిగ్స్, జోషి, శాన్‌భాగ్, సిద్దిఖీ కలిసి నేచర్ పత్రికలో ప్రకటించిన పని బర్క్‌లీ ప్రయోగానికి పూర్వరూపంలాగా కనిపిస్తుంది. ఒక జన్యువు చెడినప్పుడు చక్కెరకు స్పందించవలసిన నాడీకణం ఉప్పుకు కూడా స్పందించసాగింది, ఆ ఈగలు ఉప్పు వైపు ఆకర్షితమయ్యాయి. కారం తీపి కావడానికి ముందే, పంతొమ్మిదేళ్ళ కిందట, కొలాబాలో ఉప్పు తీపైంది. బర్క్‌లీలో మనిషి పనిగట్టుకొని చేసిన మార్పును ఇక్కడ ఉత్పరివర్తన తనంతట చేసింది, అంతే తేడా.

ఇదే సంస్థలో ఆర్.ఎన్. సింగ్, ఆయన సహచరులు మరో వైపు నుంచి పటం గీశారు. 1983లో నాయక్, సింగ్ కలిసి పండు ఈగ పాదాల మీదా నోటి భాగాల మీదా ఉన్న జ్ఞానరోమాలను ఒక్కొక్కటిగా లెక్కించి వర్ణించారు. మగ ఈగ ముందుకాళ్ళ మీద ఆడ ఈగకు ఉన్నవాటి కంటే ఎక్కువ రుచి రోమాలుంటాయి, ఎందుకంటే అది ఆడ ఈగను గుర్తుపట్టేది కూడా పాదపు రుచితోనే. మూతి మీది రోమాలలోని నాడీకణాల పోగులు మెదడులో ఎక్కడికి చేరుతున్నాయో తెలుసుకోవడానికి, గుర్రపు ముల్లంగి అనే దుంప నుంచి తీసే ఎంజైమును రోమపు కొస ద్వారా ఎక్కించి, అది పోగు వెంట పాకిన మేరా గోధుమరంగు తేలేటట్లు చేశారు. ఆ దారులన్నీ ఆహారవాహిక కింద ఉండే నాడీసంధికి, అంటే ఈగ తలలో అడుగుభాగాన ఉన్న నాడీకణాల ముడికి చేరుతున్నాయని కనిపించింది. అయితే ఒక రోమంలోకి ఎంజైము ఎక్కిస్తే అందులోని నాలుగు కణాలూ కలిపి రంగు పట్టవచ్చు, వాటిలో తీపిది ఏదో చేదుది ఏదో రంగు చెప్పదు. కణాన్ని దాని పనిని బట్టి, జన్యువును బట్టి పేరు పెట్టి పిలవగల సాధనం అప్పటికి లేదు.

ఆ సాధనానికి మేనమామ వంటిది పి-మూలకం. అడవి ఈగల క్రోమోసోములలో ఒకచోటి నుంచి మరోచోటికి గెంతే ఈ డీఎన్‌ఏ తునకను 1982లో జెరాల్డ్ రూబిన్, అలన్ స్ప్రాడ్లింగ్ వాహనంగా మలిచి, కోరిన జన్యువును ఈగలోకి చేర్చే మార్గం కనిపెట్టారు. 1987లో ఒకేన్, గేరింగ్ ఆ వాహనంలో రంగు తేల్చే జన్యువు ఒకదాన్ని పెట్టి, ఎక్కడ పడితే అక్కడ దిగనిచ్చి, దిగిన చోటి పొరుగు జన్యువు ఏ కణాలలో పలుకుతుందో ఆ కణాలలోనే రంగు కనబడేటట్లు చేశారు. ఈ పద్ధతి ఆసరాతో 1992లో రోడ్రిగ్స్, విజయరాఘవన్, మనీషా ఇనాందార్ పేర్లతో కూడిన బృందం, రెక్కల అంచులు గాట్లు పడడం వల్ల పాతకాలం నుంచీ పేరు తెలిసిన స్కాలప్డ్ అనే జన్యువు జ్ఞానాంగాల నిర్మాణానికీ అవసరమని తేల్చింది. రెక్కను మలిచే జన్యువుకు రుచితో పని ఉండడం ఈగల ప్రపంచంలో అరుదైన వింత కాదు.

1993లో ఆండ్రియా బ్రాండ్, నార్బర్ట్ పెరిమన్ ప్రకటించిన గాల్4-యూఏఎస్ పద్ధతితో పరిస్థితి మారిపోయింది. గాల్4 అనేది రొట్టెల ఈస్టులో గాలక్టోజు చక్కెరను వాడుకొనే జన్యువులను మేల్కొలిపే ప్రొటీను, యూఏఎస్ అనేది ఆ ప్రొటీను వచ్చి కూర్చునే డీఎన్‌ఏ పీట. ఈస్టు ప్రొటీను ఈగలోనూ పనిచేస్తుందని 1988లోనే ఫిషర్ బృందం చూపింది. ముంబైలో నాకా అనీ తెలుగునాట అడ్డా అనీ పిలిచే కూలీల కూడలిని తలచుకుంటే ఈ ఏర్పాటు సులువుగా బోధపడుతుంది. గాల్4 మేస్త్రీ, యూఏఎస్ బిళ్ళ కట్టుకున్న జన్యువు కూలీ. కూలీ ఈగలోని ప్రతి కణంలోనూ కూర్చొని ఉన్నా, మేస్త్రీ వచ్చి పిలిచిన కణంలోనే పనికి లేస్తాడు. మేస్త్రీని ఒక వంశపు ఈగలోనూ కూలీని ఇంకొక వంశపు ఈగలోనూ ఉంచి, రెండింటినీ జతకట్టిస్తే పిల్లలలో ఇద్దరూ కలుస్తారు. కూలీగా 1994లో మార్టిన్ చాల్ఫీ వెలుగులోకి తెచ్చిన జెల్లీచేప ఆకుపచ్చ ప్రొటీనును పెడితే కణం వెలుగుతుంది, విషాన్ని పెడితే కణం చస్తుంది, షిబిరెను పెడితే వేడికి మూగబోతుంది, ఎలుక కారపు గ్రాహకాన్ని పెడితే కారాన్ని పసిగడుతుంది. గాల్80 అనే మరో ఈస్టు ప్రొటీను మేస్త్రీ నోటికి అడ్డంగా పెట్టిన చెయ్యి.

ఇక్కడొక సొగసు ఉంది. పండు ఈగ పండు కోసం వచ్చినట్లు కనబడినా అసలు వచ్చేది పులిసిన పండులోని ఈస్టు కోసం. కల్లు కుండ మీద వాలేదీ అందుకే. వేల తరాలుగా తన నోటికి రుచించిన ఈస్టు నుంచే తన రుచి రహస్యాన్ని బయటపెట్టే తాళపుచెవి తీశారని ఈగకు తెలిసే అవకాశం లేదు. తరువాత వచ్చిన సమాంతర పద్ధతులలో లెక్స్-ఏ బ్యాక్టీరియా నుంచి, క్యూ-ఎఫ్ రొట్టె మీది ఎర్రబూజు నుంచి వచ్చాయి. బూజుతో చదువు మొదలుపెట్టి, బ్యాక్టీరియా మీదుగా ఈగ దాకా నడిచిన సిద్దిఖీ జీవితయాత్రను ఈ సాధనాలు, ఆయన ప్రమేయం లేకుండానే, మళ్ళీ నడిచినట్లుంది.

మేస్త్రీ సిద్ధమైనా అతడిని రుచి కణంలో నిలబెట్టడానికి రుచి గ్రాహకపు జన్యువు కావలసి వచ్చింది. 2000 మార్చిలో పండు ఈగ జన్యుపటం వెలువడింది, అదే సంవత్సరం క్లైన్, వార్, కార్ల్‌సన్ కంప్యూటరుతో ఆ అక్షరాలను గాలించి, కణపొరను పలుమార్లు దాటే ప్రొటీనుల పోలికలను బట్టి రుచి గ్రాహకాల కుటుంబాన్ని పట్టుకున్నారు. చివరకు అది 60 జన్యువుల కుటుంబంగా, 68 గ్రాహకాల కుటుంబంగా తేలింది. ఆ వెంటనే 2001లో స్కాట్, ఆక్సెల్ బృందమూ, డనిపేస్, ఆమ్రైన్ బృందమూ ఆ జన్యువుల మీటలను, అంటే జన్యువు ఏ కణంలో పలకాలో నిర్ణయించే డీఎన్‌ఏ భాగాలను, గాల్4కు తగిలించి, ఏ గ్రాహకం ఏ రోమంలోని ఏ కణంలో ఉందో చూపసాగాయి. మధ్యలో ముంబై చాల్, అంటే వరస గదుల ఇల్లు, తరహా పొరపాటు కూడా ఒకటి జరిగింది. ట్రెహలోజు అనే చక్కెరను కొన్ని ఈగ వంశాలు బాగా పసిగడతాయనీ, కొన్ని అంతగా పట్టించుకోవనీ 1982లో జపానులో తనిమురా బృందం చూపింది. ఎరుపు, నీలం రంగులు కలిపిన రెండు ఆహారాలు పెట్టి, ఏ ఈగ పొట్ట ఏ రంగు తేలిందో లెక్కించే వారి పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ఆ భేదానికి కారణమైన జన్యువు దొరికిందని 2000లో ప్రకటన వచ్చింది, కాని అది పక్కగది తలుపు తట్టిన ఉత్తరమని, అసలు చిరునామా దానికి ఆనుకొని ఉన్న జీఆర్5ఏ అనే రుచి గ్రాహకపు జన్యువని 2001లో అనుపమా దహనూకర్ తదితరుల పనీ, జపాను బృందపు పనీ తేల్చాయి. ఒకే వరండాలో గోడకు గోడ ఆనుకొని బతికే గదులలో అటువంటి పొరపాటు జరగడం క్షంతవ్యమే.

ఈ విజయంలో పోయినది కూడా కొంత ఉంది. గస్ట్ జన్యువుల పేర్లు నేటి పత్రాలలో అరుదైపోయాయి, గ్రాహకాలు దొరికినది ఉత్పరివర్తిత ఈగల వెంట నడిచినందువల్ల కాదు, కంప్యూటరు తెర మీద అక్షరాలను పోల్చినందువల్ల. అది న్యాయమైన గెలుపే, అయినా ఉప్పును తీపి కణం ఎందుకు ఆలకించసాగిందన్న ప్రశ్న గ్రాహకపు జాబితా వల్ల తీరే ప్రశ్న కాదు. కణానికి దాని స్వభావాన్ని ఇచ్చేది ఏమిటన్న ప్రశ్న అది. జాబితాలు చేతికి వచ్చాక ఇటువంటి ప్రశ్నలు మర్యాదగా వెనుకబెంచీకి వెళ్తాయి. బెంగళూరు పత్రికలో 1978లో అచ్చయిన మాటను తొలిమాటగా ఉదహరించే అలవాటు కూడా అదే బెంచీ మీదకు చేరింది. సిద్దిఖీ 1990లలో బెంగళూరులో జాతీయ జీవవిజ్ఞాన కేంద్రాన్ని కట్టే పనిలో పడ్డాడు. రోడ్రిగ్స్ అప్పటికే జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఎరిక్ బుక్నర్‌తో కలిసి, వాసనను బట్టి మెదడులోని వేర్వేరు నాడీ గుచ్ఛాలు ఉత్తేజితమవుతాయని 1984లో రేడియోధార్మిక చక్కెర సాయంతో చూపి వచ్చింది. ఆమె 2010లోనూ, సిద్దిఖీ 2013లోనూ కన్నుమూశారు.

2004లో స్కాట్ బృందం, ఆమ్రైన్ బృందం వేరువేరుగా తీపి, చేదు కణాలను రెండు రంగులలో వెలిగించినప్పుడు, గుర్రపు ముల్లంగి ఎంజైము గోధుమరంగులో కలగాపులగంగా చూపిన దారులు స్పష్టంగా విడిపోయాయి. జీఆర్5ఏ ఉన్న తీపి కణాల కొసలు మెదడు అడుగున ఒక పక్క, జీఆర్66ఏ ఉన్న చేదు కణాల కొసలు మధ్యగీతకు దగ్గరగా ఇంకొక పక్క చేరాయి. రెండేళ్ళకు స్కాట్ ప్రయోగశాలలోనే కారం తీపైంది. 2011లో వైస్, దహనూకర్, కార్ల్‌సన్ తదితరులు గ్రాహక కుటుంబంలోని దాదాపు ప్రతి సభ్యుడికీ ఒక గాల్4 ఈగను తయారుచేసి, మూతి మీది 31 రోమాలకూ 16 చేదు పదార్థాలను రుచి చూపి, చేదు అనేది కూడా ఒక్కటి కాదని, రోమాలు వాటి స్పందనను బట్టి తరగతులుగా విడిపోతాయని చూపారు. రెండు మీటలు కలిస్తేనే మేస్త్రీ పుట్టే పద్ధతులూ, ఒక నాడీకణానికి ఎదురుగా కూర్చున్న తరువాతి నాడీకణాన్ని వెలిగించే ట్రాన్స్-టాంగో పద్ధతీ ఆ తరువాత వరసగా వచ్చాయి. 2017లో గిలాడ్ బార్నియా బృందం ట్రాన్స్-టాంగోను తీపి నాడుల తరువాతి మెట్టును కనుగొనడానికి ప్రయోగించింది.

2024 అక్టోబరులో ఆడ పండు ఈగ మెదడు మొత్తం పటం, 139,255 నాడీకణాలతో, వాటి మధ్య అయిదు కోట్లకు పైబడిన సంధులతో, నేచర్ పత్రికలో వెలువడింది. దానితోపాటే ఫిలిప్ షియు, స్కాట్ తదితరులు ఆ పటాన్ని కంప్యూటరులో నడిపించి, చక్కెర నాడులను కృత్రిమంగా మోగిస్తే తొండాన్ని చాచే నాడి దాకా ఏయే కణాలు మేల్కొంటాయో లెక్కగట్టారు. ఆ లెక్క సరైనదో కాదో తేల్చడానికి వారికి గాల్4 వంశపు ఈగలే మళ్ళీ అవసరమయ్యాయి. ఎంచుకున్న నాడిని వెలుగుతో మీటి, మినిచ్ సీతాకోకచిలుక ముందు కూర్చున్నట్లే ఈగ ముందు కూర్చొని, అది తొండం చాచుతుందో లేదో కంటితో చూశారు.